సారలమ్మ చిలక

ఆదోని,
10-1-1994

అమల గారికి,

నమస్కారం. మీరు నన్ను ఎరగరు. నా పేరు భార్గవి. యూనివర్సిటీలో ఎం.ఏ. సోషియాలజీ రెండో సంవత్సరం. ఈ జనవరి నుంచి మీ 'పొద్దు' మహిళా సంఘంలో మూడు నెలలు ఫీల్డ్ వర్కు చెయ్యాల్సింది నేనే. డిసెంబరులో లైబ్రరీ మెట్ల మీద జారిపడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. మా నాయన వచ్చి ఆదోనికి తీసుకొచ్చేశాడు. మోకాలు దాకా కట్టు. మంచం, కిటికీ, రేడియో తప్ప వేరే లోకం లేదు.

మా ఫీల్డ్ వర్కు చూసే కమలాదేవి మేడానికి ఉత్తరం రాసి బతిమాలాను. ఇంట్లోనే ఉండి పోస్టులో మీ సంఘానికి పని చేసిపెడతానన్నాను. "అలాంటిది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. సంఘంవాళ్లు ఒప్పుకుంటే చూద్దాం" అని జవాబు వచ్చింది. ఇప్పుడు నా సంవత్సరం మీ చేతిలో ఉంది. అచ్చు పనైనా, తర్జుమా పనైనా, ఉత్తరాలు రాసే పనైనా చేస్తాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
భార్గవి


తార్నాక,
17-1-1994

భార్గవి గారికి,

మీ ఉత్తరం అందింది. కాలు విరిగినా ఉత్సాహం విరగలేదని సంతోషించాను. మా సంఘం గురించి మీరేదో పెద్దగా ఊహించుకున్నట్టున్నారు. తార్నాక చౌరస్తా వెనక సందులో పిండి గిర్ని మీద ఒక గది, ఒక బల్ల, జీతానికి పనిచేసే మనిషిని నేనొక్కదాన్ని. కింద గిర్ని నడిచినంతసేపు మా కాగితాల మీద జొన్నపిండి కురుస్తుంటుంది. ఈ కవరులో కూడా కాస్త వచ్చి ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మాణికేశ్వర్ నగర్‌లో, వీరస్వామి గారి ఇంటి ముందున్న రేకుల షెడ్డులో సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్లకు బడి పెడుతున్నాను. పద్నాలుగు మంది వస్తారు. ఎక్కువమంది క్యాంపస్ హాస్టళ్లలో ఊడ్చేవాళ్లు, మెస్సుల్లో కూరగాయలు తరిగేవాళ్లు. పక్కనే రైలు పట్టాలు. రైలు వస్తే పాఠం ఆపి, పోయాక మొదలుపెడతాం.

మాకు వచ్చిన వాచకంలో మొదటి పాఠం "అల, వల, తల". మొన్న ఒకామె పుస్తకం మూసి పక్కన పెట్టింది. "అమలమ్మా, గీ అల ఏంది? నేనెన్నడు సూడలే. హైదరాబాద్ల యాడున్నది?" అంది.

మీకు పని దొరికింది. వీళ్ల పనిలో ఉండే మాటలతో చిన్న చిన్న పాఠాలు రాసి పంపండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

అమల


ఆదోని,
29-1-1994

అమల గారికి,

ఆరు పాఠాలు పంపుతున్నాను. ఒక్కొక్కటి డ్రాయింగు కాగితం మీద, నల్ల స్కెచ్ పెన్నుతో రాశాను. బొమ్మలు కూడా వేశాను. బక్కెట్టు బొమ్మ సరిగా కుదరలేదు, గంగాళంలా వచ్చింది. ప్రతి కాగితం కింద నా పేరు, చిరునామా రాశాను. ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే రాస్తారని ఆశ.

మా అమ్మ నా పక్కన కూర్చుని, వంటింటి మాటలన్నీ నాకంటే తనకే తెలుసని పాఠాలు దిద్దింది. అందువల్ల కూరగాయల పాఠంలో సగం మా అమ్మది.

భార్గవి


తార్నాక,
8-2-1994

భార్గవికి,

"గారు" తీసేశాను. నాకు ముప్పై రెండేళ్లు, నీకు ఇరవై రెండు ఉంటాయేమో. నన్ను అక్కా అను.

కూరగాయల పాఠంలో "పొద్దున లేచి ఎర్రగడ్డలు కోశాను, కళ్ల నీళ్లు వచ్చాయి" అని రాశావు. నేను చదవగానే బాలలక్ష్మి అనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గంత పెద్ద ఎర్రగడ్డను కత్తిపీటతోని ఎట్ల కోసిందమ్మా గా పిల్ల" అంది. షెడ్డంతా నవ్వులే. ఇక్కడ ఎర్రగడ్డ అంటే సనత్‌నగర్ పక్కనున్న పేట. మీరు ఎర్రగడ్డ అనేది మాకు ఉల్లిగడ్డ. మీ బుడ్డలు మాకు పల్లీలు. మీ అమ్మగారికి చెప్పు, ఆమె పాఠం వల్ల ఆ రోజు ఒక్కరు కూడా మధ్యలో లేచి పోలేదు. "ఉల్లిగడ్డలు" అని నేనే దిద్దాను.

అన్నింటికంటే చురుకైన మనిషి సారలమ్మ. నలభై అయిదేళ్లు ఉంటాయి. హాస్టల్ మెస్సులో పదకొండేళ్లుగా కూరలు తరుగుతున్నది. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరాన్ని బియ్యంలో రాయి ఏరినట్టు ఏరుతుంది. "అల ఏంది" అని అడిగిందీ ఆమెనే. నీ ఆరు పాఠాలూ అందరికంటే ముందు పూర్తి చేసింది.

ఒక ఆలోచన వచ్చింది. ఆమెకు పేరు పెట్టి ఒక ఉత్తరం రాయి. ఇప్పటిదాకా ఆమె పేరు మీద ఒక్క ఉత్తరం కూడా రాలేదట.

అమలక్క


ఆదోని,
15-2-1994

అమలక్కా,

ఉల్లిగడ్డల కథ విని, అన్నం తింటున్న మా నాయనకు పొలమారింది. అమ్మ మాత్రం "తప్పు వాళ్లదే" అంటోంది.

సారలమ్మ గారికి వేరే కాగితం మీద ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. అందరి ముందూ చదివి వినిపించు, ఆమెకు గౌరవంగా ఉంటుంది. మీ ఊరేది, మెస్సులో ఏ కూర తరగడం కష్టం, మీ పిల్లలు ఏం చదువుతున్నారు అని మూడే ప్రశ్నలు అడిగాను.

అక్కా, ఒక ఇబ్బంది ఉంది. కమలాదేవి మేడం మళ్లీ రాసింది. పాఠాలు పంపితే చాలదట. నేర్చుకునేవాళ్లలో ఒక్కరైనా సొంతంగా రాసిన కాగితం రిపోర్టుకు జతచెయ్యాలట, అదీ మార్చి పదిలోగా. లేకపోతే ఫీల్డ్ వర్కు కిందికి రాదంది. సారలమ్మ గారు నాలుగు ముక్కలు రాసినా నా పని అవుతుంది. తొందర పెట్టొద్దు. కానీ కొంచెం తొందర పెట్టు.

నీ చెల్లెలు,
భార్గవి


తార్నాక,
24-2-1994

చెల్లీ,

సారలమ్మ జవాబు జతచేశాను. గీతలు వంకరగా ఉన్నాయి, క్షమించు. ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పని ఎక్కువగా ఉంది, తర్వాత వివరంగా రాస్తాను.

అమలక్క

(జతచేసిన కాగితం)

భార్గవి అమ్మకు సారలమ్మ రాయునది. నేను బాగున్నాను. మాది మెదక్ దగ్గర ఊరు. కాకరకాయ తరగడం కష్టం. మా ఇంట్లో ఒక చిలక ఉంది. అది నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. సారలమ్మ.


ఆదోని,
3-3-1994

అక్కా,

ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అమ్మ కూడా చదివింది. పక్కింటివాళ్లు కూడా చదివారు. పేరు పెట్టి పిలిచే చిలక. ఇంత మంచి వాక్యం మా క్లాసులో ఎవరూ రాయలేరు.

వెంటనే ఏడో పాఠం చేశాను, "సారలమ్మ చిలక". పదిహేను కాపీలు చేతితోనే రాసి పంపుతున్నాను. "సారలమ్మ నాకు ఉత్తరం రాసింది. ఆమెది మెదక్ దగ్గర ఊరు. ఆమె ఇంట్లో చిలక ఉంది. చిలక ముక్కు ఎర్రన. సారలమ్మ మెస్సు నుంచి రాగానే చిలక పిలుస్తుంది." చిలక బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది.

రిపోర్టు కూడా నిన్ననే పోస్టులో వేశాను. ఆమె ఉత్తరాన్ని మొదటి పేజీలోనే అంటించాను. కాలు మెల్లగా కుదురుతోంది, ఇంకా సమయం పడుతుందంటున్నారు.

భార్గవి


తార్నాక,
12-3-1994

చెల్లీ,

పాఠాలు అందాయి. చిలక బొమ్మ బాగుంది. రిపోర్టు అంత త్వరగా పంపేస్తావనుకోలేదు. ఆ ఉత్తరాన్ని మొదటి పేజీలో పెట్టకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే ఏం చెప్పను, ఊరికే అనిపించింది.

ఏడో పాఠం నిన్న చెప్పాను. సారలమ్మ రాలేదు. పని ఉన్నదట.

మా ఊళ్లో అమ్మకు కన్ను ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఆ గొడవలో ఉన్నాను.

అమల


(పోస్టు కార్డు. పెన్సిలుతో రాసినది.)

మానికెశ్వర్ నగర్

బార్గవికి సారలమ్మ రాసేది.

నేను నీకు ఉత్తరం రాయలె. ఇదె మొదటిది. బాలలక్ష్మి నీ పాటం మెస్సుకు తెచ్చి నా మీద వచ్చింది అన్నది. నేనె చదివిన. ఎవరు చెప్పలె. మొత్తం చదివిన. అందుల అక్షరం తప్పు లేదు. అబద్దం ఉన్నది. నాకు చిలక లేదు. పిల్లలు లేరు. నువు అడిగితె అందరు నా మొకం చూసిండ్రు. అందుకె బడికి పోలె. మాది మెదక్ కాదు. చేర్యాల.

సారలమ్మ


ఆదోని,
26-3-1994

అమల గారికి,

నాకొక కార్డు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు వెనక కాగితం మీద ఎత్తి రాశాను, చదవండి.

మీరు పంపిన కాగితాన్ని నేను మా డిపార్ట్‌మెంటుకు పంపాను. దాని కింద "అభ్యాసకురాలి స్వహస్తం" అని రాసి సంతకం పెట్టాను. ఆ చేతిరాత ఎవరిదో చెప్పండి. సారలమ్మ గారు బడి మానేసిన సంగతి నాకెందుకు చెప్పలేదో కూడా చెప్పండి.

భార్గవి


తార్నాక,
31-3-1994

భార్గవికి,

రేపు గుడ్ ఫ్రైడే. ఈ ఉత్తరం రాయకుండా చర్చికి పోలేను.

ఆ రాత నాదే. ఎడమచేత్తో రాశాను.

జరిగింది చెబుతాను. నీ ఉత్తరం రాగానే నేను ముందు చదువుకుని ఉండాల్సింది. చదవలేదు. నువ్వన్నట్టే అందరి ముందు విప్పి గట్టిగా చదివాను. మీ పిల్లలు ఏం చదువుతున్నారు అనేదాకా వచ్చేసరికి షెడ్డులో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని "పొయ్యి మీద ఎసరున్నది" అని లేచి వెళ్లిపోయింది. రెండుసార్లు వాళ్లింటికి పోయాను. "పని ఉన్నదమ్మా" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.

నీకు ఈ సంగతి రాస్తే ఆ ప్రశ్న అడిగినందుకు నువ్వు బాధపడతావనుకున్నాను. రాయకపోతే నీ సంవత్సరం పోతుందనుకున్నాను. మిగతావాళ్లకు ఇంకా పేరు రాయడమే వస్తున్నది. అందుకని ఒక సాయంత్రం కూర్చుని రాసేశాను. చిలకే ఎందుకు రాశానంటే నాకే తెలియదు. పిల్లల ప్రశ్నకు ఏదో ఒక జవాబు ఉండాలి కదా అనిపించింది, చేతికి చిలక వచ్చింది. నువ్వు దాన్ని పాఠం చేసి పదిహేను కాపీలు పంపుతావని కలలో కూడా అనుకోలేదు.

ఆ కార్డు చూసి సిగ్గుతో ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను కూడా, నిన్ను మోసం చెయ్యను. మూడేళ్ల నుంచి పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న మనిషి మొట్టమొదట తనంతట తాను మొత్తం చదివింది నా అబద్ధం. చదివి, అది అబద్ధమని తన చేత్తో రాసింది.

మీ మేడానికి నేనే వచ్చి చెబుతాను. తప్పు నాది, నీది కాదు.

అమల


ఆదోని,
6-4-1994

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉందామనుకున్నాను. ఒక పూట కూడా ఉండలేకపోయాను. కారణం ఏమిటో చెబితే నీకు నా మీద కోపం వస్తుంది.

నా కట్టు ఫిబ్రవరి ఇరవైన తీసేశారు. మార్చి మొదటి వారానికల్లా బజారుకు నడిచి వెళ్తున్నాను. నీకు రాసిన "ఇంకా సమయం పడుతుంది" అబద్ధం. హైదరాబాదు రావడానికి భయమేసింది.

పోయినేడు ముషీరాబాద్‌లో సర్వే వేశారు. ముప్పై ఇళ్లు తిరిగి ఫారాలు నింపాలి. మొదటి ఇంటి ముందు అరగంట నిలబడ్డాను. తలుపు తట్టడానికి చెయ్యి లేవలేదు. లోపల ఎవరో నవ్వుకుంటున్నారు. వాళ్ల దగ్గరికి పోయి మీ ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు అని ఎట్లా అడగాలో తెలియలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. నా ఫారాలన్నీ నా రూమ్మేటు పూజ నింపింది. వాటికి మంచి మార్కులు వచ్చాయి. కాలు విరిగినప్పుడు నొప్పితో పాటు కొంచెం హాయిగా కూడా అనిపించింది. పోస్టులోనైతే నేను ధైర్యవంతురాలిని. ఎవరి పిల్లల గురించైనా అడగగలను. వాళ్ల ముఖం కనిపించదు కదా.

కమలాదేవి మేడానికి నువ్వు చెప్పొద్దు. నేనే చెబుతాను, ఉత్తరంలో కాదు. పదహారో తేదీ శనివారం బస్సుకు వస్తున్నాను. నాయన తోడు వస్తానన్నాడు, వద్దన్నాను.

నువ్వు ఆపరేషన్ కోసం మీ అమ్మ దగ్గరికి పోవాల్సిన తేదీ ఎప్పుడో రాయలేదు. నీకు అభ్యంతరం లేకపోతే, ఆ రోజుల్లో బడి నేను చూసుకుంటాను. ఈ మాట ఇప్పటికే ఒకసారి కొట్టేశాను. అయినా రాస్తున్నాను.

భార్గవి


తార్నాక,
11-4-1994

చెల్లీ,

ఈ కాగితం, షెడ్డు తాళంచెవి గిర్ని ఆయన దగ్గర పెట్టి పోతున్నాను. అమ్మకు ఎల్లుండే ఆపరేషన్, ఈ పొద్దు బస్సుకే జనగామ పోవాలి. నిన్ను చూడకుండానే పోతున్నాను.

ఆటోవాణ్ని మాణికేశ్వర్ నగర్ అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. వడ్డెర బస్తీ అను. సారలమ్మ ఇల్లు షెడ్డు వెనక రెండో సందులో, నీలం రంగు తలుపు. పోవాలో వద్దో నీ ఇష్టం.

మీ మేడం నా గురించి అడిగితే నిజం చెప్పు. నాకేం కాదు.

అక్క


లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్,
25-4-1994

అక్కా,

అమ్మగారి కన్ను కట్టు విప్పారా? చూపు ఎట్లా ఉందో రాయి. ఇక్కడి సంగతులన్నీ వరసగా చెబుతాను.

ముందు మేడం దగ్గరికి పోయాను. ఉత్తరం సంగతి చెప్పాను. ముషీరాబాద్ ఫారాల సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నా రిపోర్టు తెప్పించి, మొదటి పేజీ చింపి నా చేతికిచ్చింది.

"ఇది తీసేస్తే ఇందులో ఏం మిగిలింది?"

సారలమ్మ గారి కార్డు ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"పోయినేడు ఆ సర్వేకి ఇచ్చిన మార్కులు తీసేస్తున్నాను. ఫీల్డ్ వర్కు మళ్లీ చెయ్యి. నలభై రోజులు. పోస్టులో కాదు" అంది. తలుపు దగ్గరికి వచ్చాక వెనక నుంచి, "ఆ కార్డు జాగ్రత్తగా పెట్టుకో" అంది. అక్కా, ర్యాంకు ఆశ పోయింది. ఆ మార్కులు పోవడం న్యాయమే కాబట్టి ఎక్కువగా ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

తర్వాత నీలం తలుపు. పోయాను, నిలబడ్డాను, చెయ్యి లేవలేదు. ఇంతలో ఆమె తడిచీర ఆరెయ్యడానికి బయటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నువ్వు ఎప్పుడూ రాయలేదు.

"ఎవలు గావాలె?"

"నేను భార్గవినండీ."

పైనుంచి కింది దాకా చూసింది. "గింత చిన్న పిల్లవా. కుంటుకుంట వచ్చినవేంది, కాలు ఇంక మంచిగ గాలే?"

చీర రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి పిండి ఆరేశాం. చేతిలో చీర ఉంటే మాట్లాడటం తేలికని అప్పుడు తెలిసింది. క్షమించమన్నాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సిందన్నాను. ఆమె చీర కొస దులిపి దండెం మీద సరిచేసి చెప్పిన మాటలు నీకు అట్లాగే రాస్తున్నాను.

"అడుగుడు తప్పు గాదు బిడ్డా. అందరు అడుగుతరు. నువ్వు అడిగి గాడ కూసున్నవ్. నేను గీడ ఉంటి. ఎదురుంగ ఉంటె జవాబు చెప్తుంటి గద."

ఆ తర్వాత జవాబు చెప్పింది. ఇద్దరు పుట్టారట, నిలవలేదట. పేర్లు కూడా చెప్పింది. అవి నీకు రాయను, ఆమెను అడిగి తెలుసుకో. టీ ఇచ్చింది. నీ మీద కోపం ఉందా అంటే, "అమలమ్మ మంచిది. చిలక ఒక్కటే ఎక్కువైంది" అంది.

మర్నాటి నుంచి బడికి వస్తోంది. బాలలక్ష్మితో కలిపి తొమ్మిదిమంది వస్తున్నారు. మొదటి రోజు రైలు వచ్చి పోయినా నేను మొదలుపెట్టలేదని వాళ్లే "చెప్పమ్మా" అన్నారు. ఇప్పుడు పరవాలేదు. చదవడానికి కొత్త పాఠాలు నేను రాయడం లేదు. రోజుకొకరు ఆ రోజు తమకు జరిగింది బోర్డు మీద రాస్తారు, రాని అక్షరాలు నేను అందిస్తాను, మిగతావాళ్లు చదువుతారు.

మొన్న మేడం తనిఖీకి వచ్చింది. చెప్పకుండా వచ్చి, చాప మీద వాళ్ల మధ్యనే కూర్చుంది. సారలమ్మ వంతు. బోర్డు మీద ఇట్లా రాసింది: "ఈ రోజు బెండకాయ కూర చేసినం. ఉప్పు ఎక్కువ పడ్డది. పిల్లలు తిట్టుకుంట తిన్నరు." రాసి పక్కకు జరిగి, "మీరు పెద్ద సదువు సదివిండ్రట గద, సదువుండ్రి" అని మేడాన్ని అడిగింది.

మేడం నవ్వుతూ చదివింది. "ఈ రోజు బెండకాయ కూర చేశాం. ఉప్పు ఎక్కువ పడింది. పిల్లలు తిట్టుకుంటూ..."

"ఆగుండ్రి" అంది సారలమ్మ. చాక్‌పీసు పెట్టి చూపించింది. "నేను 'చేసినం' అని రాసిన. మీరు 'చేశాం' అంటున్నరు. 'పడ్డది' అని రాసిన. 'పడింది' అంటున్నరు. ఉన్నది ఉన్నట్టు సదువుండ్రమ్మా."

మేడం ముఖం ఎర్రబడింది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. బోర్డు దగ్గరికి జరిగి, ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ మొదటి నుంచి చదివింది. చేసినం. పడ్డది. తిట్టుకుంట తిన్నరు. చివరిదాకా వచ్చాక సారలమ్మ వైపు చూసింది, సరిపోయిందా అన్నట్టు. సారలమ్మ తలూపింది.

వెళ్లేటప్పుడు మేడం రిజిస్టరులో "ఈ రోజు నేను కూడా హాజరు" అని రాసి, అందరి పేర్ల కింద తన పేరు రాసింది.

ఈ ఉత్తరం ఇక్కడే షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. చివర నాలుగు ముక్కలు తను రాస్తానని సారలమ్మ పెన్ను అడుగుతోంది. నన్ను అటు తిరగమంది. దిద్దనని ఒట్టు పెట్టించుకుంది. తిరిగి కూర్చున్నాను.

నీ చెల్లెలు,
భార్గవి

అమలమ్మకు. మీ అమ్మకు కన్ను మంచిగ కనవడుతున్నదా. ఈ పిల్ల మంచిగనె చెప్తది. గొంతు చిన్నది. రైలు ఒస్తె ఇనవడదు. నువు ఒచ్చినంక గూడ ఈమెను పంపకు. ఇద్దరు ఉండుండ్రి. సారలమ్మ.